చిరాకులు, వాటికోసం పుట్టే పిచ్చి పరికరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పిచ్చి పరికరం అని దేన్ని అంటారు?

రోజూ విసిగించే చిన్న చిరాకుని నిజంగానే తీర్చేసి, ఆ తీర్చే క్రమంలో అంతకంటే పెద్ద ఇబ్బంది తెచ్చిపెట్టే వస్తువు. రెండూ ఉండాల్సిందే. చిరాకు తీరలేదంటే అది ఉత్త తుక్కు. ఇబ్బంది ఏమీ రాలేదంటే అది మామూలు సామాను, ఈపాటికి స్టీలు సామాన్ల కొట్టులో వేలాడుతూ ఉంటుంది.

ఇలాంటివి పని పెట్టుకుని చేసేవాళ్ళు ఉన్నారా?

ఉన్నారు. జపాన్‌లో కెంజి కవకామి అనే ఆయన 1980ల్లో ఒక మెయిల్ ఆర్డర్ పత్రికకి ఎడిటర్‌గా ఉంటూ, ఎవరూ కొనలేని వస్తువుల ఫొటోలు మిగిలిన పేజీల్లో వేయడం మొదలుపెట్టాడు. వాటికి చిందోగు అని పేరు. కంట్లో మందు గురి తప్పకుండా పడడానికి గరాటులు బిగించిన కళ్ళజోడు, వేడి నూడుల్స్ చల్లార్చడానికి చాప్‌స్టిక్స్‌కి తగిలించిన బుల్లి ఫ్యాను, జలుబు చేసినవాళ్ళు నెత్తిన పెట్టుకు తిరిగే టిష్యూ రోలు, పాకే పిల్లాడు ఇల్లు తుడిచేలా పొట్ట కింద కుచ్చులు కుట్టిన బట్టలు. ఈ చివరిది చూసి మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ నవ్వలేదు, ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

దీనికి రూల్స్ ఏమైనా ఉన్నాయా?

కవకామి పది పెట్టాడు. అన్నీ అక్కర్లేదు, నాలుగు గుర్తుంచుకుంటే చాలు: వస్తువు ఊహలో ఉంటే సరిపోదు, చేసి చూపించాలి, అది రోజువారీ బతుక్కి సంబంధించినదై ఉండాలి, అమ్మకూడదు, పేటెంట్ తీసుకోకూడదు. మొదటిదే అసలు కష్టం. నోటితో ఎవరైనా వంద పరికరాలు చెప్తారు, అట్టపెట్టె, ఫెవికాల్, పాత చొక్కా గుండీలు ముందేసుకుని కూర్చుంటే తొంభై అక్కడే చచ్చిపోతాయి.

మన ఇళ్ళల్లో ఉండే చిరాకుతో ఒక ఉదాహరణ చెప్పండి.

కర్రీ పాయింట్ సాంబారు ప్యాకెట్.

అక్కడి కుర్రాడి పని చూశారా, గరిటెడు సాంబారు కవర్లో పోసి, కాస్త గాలి లోపల ఉంచి, మూతి మెలితిప్పి, పైనుంచి వేలాడే దారాన్ని గిరగిరా చుట్టి ఒక్క గుంజు గుంజి తెంపుతాడు, అంతా కలిపి రెండు క్షణాలు. ఇంటికొచ్చాక ఆ రెండు క్షణాల పనిని విప్పడానికి ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. దారం కొస ఎక్కడుందో కనపడదు, కనపడినా చుట్ల కింద ఇరుక్కుని ఉంటుంది. గోరు దూరదు. పళ్ళతో కొరికితే దారం రాదు గానీ సాంబారు రుచి ముందే తెలుస్తుంది. కత్తెర ఫ్రిజ్ మీద ఉండాలి, ఉండదు. ఇక విసిగిపోయి కవరు మూల కోసి గిన్నెలోకి వంచుతామా, ఆ కన్నానికి సరిగ్గా ములక్కాడ ముక్క అడ్డం పడుతుంది, వెనకాల సాంబారు పక్కదారి పట్టి మోచేతి దాకా వస్తుంది.

దీనికి పరికరం: గిన్నె మీద బోర్లించే చిల్లుల మూత, దాని మధ్యలో నిలబెట్టిన దబ్బనం. ప్యాకెట్‌ని ముడితో సహా దాని మీద పెట్టి అరచేత్తో నొక్కితే అడుగున చిల్లుపడి సాంబారు గిన్నెలోకి దిగిపోతుంది. ముడి విప్పే పనే లేదు. ఇబ్బందులు మూడు. ముక్కలన్నీ కవర్లోనే ఉండిపోయి గిన్నెలోకి ఉత్త పులుసు వస్తుంది. దబ్బనం కడగడం ముడి విప్పడం కంటే కష్టం. అరచెయ్యి ఎక్కువ నొక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అంటే అన్ని అర్హతలూ ఉన్న పిచ్చి పరికరం.

స్టీలు క్యారేజీ పట్టుకెళ్తే ముడి గొడవే ఉండదు కదా అంటారు. నిజమే. పట్టుకెళ్ళం.

పాలు పొంగకుండా ఏదైనా కనిపెట్టొచ్చా?

ఎప్పుడో కనిపెట్టేశారు. పాల కుక్కర్ అని రెండు గోడల గిన్నె ఉంటుంది, గోడల మధ్య నీళ్ళు పోస్తాం, నీళ్ళు మరగగానే విజిల్ వేస్తుంది. మంట పాలకి నేరుగా తగలదు, చుట్టూ ఉన్న నీళ్ళు వంద డిగ్రీలు దాటవు కాబట్టి పాలు కాగుతాయే తప్ప ఎగదన్నవు. మామూలు గిన్నెలో ఏమవుతుందంటే, పాలు వేడెక్కేకొద్దీ ప్రొటీనూ కొవ్వూ కలిసి పైన తెట్టు కడతాయి, కింద పుట్టిన ఆవిరికి బయటికి దారి దొరక్క ఆ తెట్టుని ఎత్తుకుని పైకొస్తుంది. గిన్నె అడుగున వేసే గాజు బిళ్ళలు కూడా ఉన్నాయి, కింద ఆవిరి చేరినప్పుడల్లా టకటకమని కొట్టుకుంటూ పాలని కదిలిస్తూ ఉంటాయి, ఆ చప్పుడు వినడం కంటే పొయ్యి తుడుచుకోవడం నయం.

ఇక్కడ పిచ్చి పరికరానికి మిగిలిన జాగా ఒక్కటే. ఏడాదంతా పాలు పొంగకుండా కాపలా కాసే మనం గృహప్రవేశం రోజు మాత్రం పొంగేదాకా పొయ్యి చుట్టూ నిలబడి, తూర్పు వైపే పొంగాలని పట్టు కూడా పడతాం. పాల కుక్కర్‌కి ‘గృహప్రవేశం’ అని ఒక స్విచ్చి, పక్కన దిక్సూచి.

కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టే మిషన్?

లెక్క తప్పడం చిరాకే, “ఇది మూడోదా నాలుగోదా” అని ఇంట్లో ముగ్గురు మూడు అంకెలు చెప్తారు. కానీ విజిల్ అసలు కొలతే కాదు. లోపల ఒత్తిడి ఒక హద్దు దాటితే వెయిట్ లేచి ఆవిరి వదులుతుంది, అంతే. మంట పెద్దదైతే గబగబా వస్తాయి, చిన్నదైతే నిదానంగా వస్తాయి, అన్నం మాత్రం లోపల సుమారు 120 డిగ్రీల్లో ఎన్ని నిమిషాలు ఉందన్నదాన్ని బట్టి ఉడుకుతుంది. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి గడియారం చూసుకోవడం సరైన పద్ధతి. 1679లో డెనీ పాపిన్ లండన్‌లో రాయల్ సొసైటీ ముందు తన ఆవిరి గిన్నె, అంటే కుక్కర్‌కి ముత్తాతని, పెట్టినప్పటినుంచీ ఇందులో ముఖ్యమైనది ఆ భద్రతా వాల్వే. అందుకని ఒకటే హెచ్చరిక: ఏ పరికరమైనా చెయ్యండి గానీ వెయిట్‌కి, వాల్వ్‌కి దారం కట్టడం, పూస గుచ్చడం, క్లిప్పు పెట్టడం చెయ్యొద్దు. దీనికి నవ్వు లేదు.

గ్యాస్ ఎప్పుడైపోతుందో చెప్పే పరికరం?

అక్కర్లేదు. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే రాసి ఉంటుంది. తూచి, అందులోంచి అది తీసేస్తే మిగిలింది గ్యాస్, కొత్తదైతే 14.2 కిలోలు. తూకం లేకపోతే తడిగుడ్డతో సిలిండర్ ఒళ్ళంతా తుడవండి, పై భాగం ముందు ఆరిపోతుంది, లోపల ద్రవం ఉన్నంత మేర తడి కాసేపు నిలుస్తుంది. అయినా చుట్టాలొచ్చినప్పుడే అయిపోతుంది, దానికి విజ్ఞానశాస్త్రంలో సమాధానం లేదు.

వాటర్ ట్యాంక్ పొంగిపోతుంటే మోటారు ఎవరూ ఆపరు. అలారం పెట్టాం, లాభం లేదు.

ఆ అలారం సంగతి అందరికీ తెలుసు. తెల్లవారుజామున ఐదింటికి ఒక అమ్మాయి గొంతు హిందీలోనో ఇంగ్లీషులోనో ట్యాంకు నిండింది, మోటారు ఆపండి అని వీధి వీధంతా వినపడేలా చెప్తూనే ఉంటుంది, వీధి వీధంతా లేస్తుంది, మోటారు స్విచ్చి ఉన్న ఇంటాయన మాత్రం లేవడు. ఫ్లోట్ స్విచ్ పెడితే మోటారు దానంతటదే ఆగిపోతుంది, అది మామూలు పరిష్కారం. పిచ్చి పరిష్కారం: ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపుకి ఇంకో ముక్క అతికించి దాని మూతిని ఆ ఇంటాయన బెడ్‌రూం కిటికీ వైపు తిప్పడం. మరీ మంచివాళ్ళయితే మూతికి పన్నీరు బుడ్డి తగిలించండి.

లిఫ్ట్ గేటు వెయ్యకుండా వెళ్ళిపోయేవాళ్ళ సంగతేంటి?

పాత అపార్ట్‌మెంట్లలో మడత గేటు లిఫ్ట్ ఉన్నవాళ్ళే ఈ ప్రశ్న అడుగుతారు. నాలుగో అంతస్తులో ఎవరో గేటు సగం వేసి పోతారు, కింద మీరు సరుకుల సంచులతో నిలబడి బటన్ నొక్కుతుంటారు, పైనుంచి “ప్లీజ్ క్లోజ్ ద డోర్” అని సన్నగా వినపడుతూ ఉంటుంది. పరికరం పేరు చెప్పుల డిపాజిట్. లిఫ్ట్‌లో ఎక్కగానే ఒక చెప్పు పెట్టెలో వెయ్యాలి, అప్పుడే బటన్ పని చేస్తుంది. దిగి గేటు పూర్తిగా మూస్తేనే బయటివైపు అర తెరుచుకుని చెప్పు తిరిగొస్తుంది. కరెంటు పోతే నాలుగు అంతస్తుల వాళ్ళూ ఒంటి చెప్పుతో ఆఫీసుకి.

వీటిల్లో సగం వస్తువుల మీద కాదు, మనుషుల మీద చిరాకులా ఉందే?

ఇంకా సగమేనా! మీ చిరాకుల జాబితా ఒకసారి కాగితం మీద రాసి చూసుకోండి. జామైన జిప్పు, మెలికపడ్డ ఇయర్‌ఫోన్లు, రెండు దెబ్బలు కొడితే గానీ పని చెయ్యని రిమోట్ లాంటివి కొన్ని ఉంటాయి, మిగతావన్నీ ఎవరో ఒకరు చేసేవి, ఆ మనిషితో మొహం మీద చెప్పలేక మనం మింగేసేవి. మొహమాటం లేని సమాజంలో పిచ్చి పరికరాలు పెద్దగా పుట్టవని నా నమ్మకం. పక్కింటాయనతో “గేటు వెయ్యండి బాబాయ్‌గారూ” అనలేం కాబట్టే చెప్పుల డిపాజిట్ పుట్టింది. ఈ పరికరాలన్నీ నవ్వుతూ పెట్టుకునే ఫిర్యాదులు.

పెళ్ళి భోజనం చూడండి. విస్తట్లో ఇంక చోటు లేదు, కడుపులో అంతకన్నా లేదు, వడ్డించే ఆయన గారెల బుట్టతో వంగుతాడు. వద్దండీ అంటాం. ఒక్కటండీ అంటాడు. రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెడతాం, వేళ్ళ సందులోంచి గారె జారుతుంది, వెనకాలే వచ్చే అల్లం పచ్చడి చేతి మీద పడుతుంది. ఆయన పని ఆయన చేస్తున్నాడు, కోప్పడడానికి లేదు, పెళ్ళివారు చూస్తుంటారు. దీనికి విస్తరి గొడుగు: మడత గొడుగు పుల్లలకి పల్చటి ప్లాస్టిక్ తొడిగి ఆకుకి సరిపడా చేసింది, “చాలండీ” అనగానే మీట నొక్కితే టప్పున విచ్చుకుని ఆకుని కప్పేస్తుంది. చేసి చూడదగ్గదే. ఒక్క లోపం, పెరుగన్నం వచ్చే టైముకి అది మళ్ళీ ముడుచుకోదు.

హారన్ల గోలకి ఏదైనా ఉందా?

ఇది పిచ్చి పరికరం కాదు, నిజంగా జరిగింది, 2020 మొదట్లో ముంబయి ట్రాఫిక్ పోలీసులు బయటపెట్టారు. కొన్ని సిగ్నళ్ళకి శబ్దాన్ని కొలిచే మీటర్లు తగిలించారు, రెడ్ లైట్‌లో హారన్ల మోత 85 డెసిబెల్స్ దాటితే కౌంట్‌డౌన్ మళ్ళీ మొదటికి వచ్చేది. ఎంత మోగిస్తే అంతసేపు ఆగండి అని. నాకు ఇందులో నచ్చింది శిక్ష కాదు, ఎవరో ఒకడు కొట్టిన హారన్‌కి పక్కన నిలబడ్డ వందమంది వాడి వైపు తిరిగి చూడడం.

దోమలు?

లేజర్‌తో దోమని గాల్లోనే కాల్చేసే యంత్రాన్ని 2010లో అమెరికాలో నేథన్ మిర్‌వోల్డ్ బృందం వేదిక మీద చేసి చూపించింది. మన దగ్గర దోమల బ్యాట్ ఉంది, చిటపటమనే చప్పుడులో ఉన్న తృప్తి లేజర్లో రాదు.

పొద్దున్నే లేవలేకపోతున్నాను.

గౌరీ నందా అనే ఆమె ఎమ్‌ఐటీలో చదువుతూ చక్రాలున్న అలారం గడియారం చేసింది. మోగుతూ బల్ల మీంచి దూకి గదిలో ఎక్కడికో పారిపోతుంది, ఆపాలంటే లేచి వెతుక్కోవాల్సిందే. దీనికి 2005లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, అదీ అర్థశాస్త్రంలో, అందరూ పొద్దున్నే లేస్తే పనిగంటలు పెరుగుతాయి కదా అని. మన ఇళ్ళల్లో ఇది కుదరదు. మంచం కింద సూట్‌కేసులు, బియ్యం బస్తా, పాత కూలర్ ఉంటాయి, పారిపోవడానికి దానికి చోటేది? మనకి పనికొచ్చేది అమ్మ పద్ధతే: ఏమీ అనకుండా వచ్చి ఫ్యాన్ ఆపేసి పోవడం.

ఇగ్ నోబెల్ అంటే?

ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి 1991 నుంచి ఏటా ఇచ్చే బహుమతి. మనవాళ్ళకి చాలాసార్లే వచ్చింది. ఏనుగు ఒంటి వైశాల్యం లెక్కగట్టే సూత్రానికి 2002లో కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళకి గణితంలో ఇచ్చారు. 2025లో వికాస్ కుమార్, సార్థక్ మిట్టల్‌కి వచ్చింది, చెప్పుల స్టాండులో కంపు కొట్టే బూట్ల గురించి; అతినీలలోహిత కాంతి దీపం పెట్టి కంపు పుట్టించే బ్యాక్టీరియాని చంపే స్టాండు అది. గుమ్మంలో బూట్ల కంపు భరించలేక మొదలైన పని అంతదూరం వెళ్ళిందంటే మీ చిరాకుని మీరు తక్కువ చేసుకోకండి.

పేటెంట్ తీసుకోవచ్చా?

చిందోగు వాళ్ళు వద్దంటారు. మన చట్టం కూడా దాదాపు అదే అంటుంది. పేటెంట్ల చట్టం 1970లో సెక్షన్ 3(ఏ) ప్రకారం అల్పమైన, పనిలేని ఆవిష్కరణలకీ, ప్రకృతి నియమాలకి విరుద్ధమైనవాటికీ పేటెంట్ రాదు. 3(ఎఫ్) ప్రకారం తెలిసిన వస్తువులనే అటూఇటూ మార్చి పేర్చితే కూడా రాదు, మన గొడుగూ దబ్బనమూ అక్కడే పోయాయి.

నిజంగా పనికొచ్చేది తట్టిందా, అప్పుడు వేరే సంగతి. తెలుగు రాష్ట్రాలవాళ్ళ దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు చూస్తుంది. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు, పరిశీలన కోరడానికి ఇంకో 4,000, వస్తే 20 ఏళ్ళు ఉంటుంది. రీల్ తీసి పెట్టేశాక దరఖాస్తు వేద్దాం అనుకోకండి, నలుగురికీ చూపించేశాక అది కొత్తది కాదు. అయినా పేటెంట్ రాగానే గొప్పదైపోయిందనుకోవద్దు, 2001లో ఆస్ట్రేలియాలో జాన్ కియో అనే లాయరు అక్కడి కొత్త సులువు పద్ధతి ఎంత గుడ్డిదో చూపించడానికి చక్రం మీద పేటెంట్ తీసుకున్నాడు. ఆయనకీ, ఇచ్చిన ఆఫీసుకీ కలిపి ఇగ్ నోబెల్.

నవ్వులాటగా చేసింది నిజంగా అమ్ముడుపోయిన సందర్భం ఉందా?

సెల్ఫీ స్టిక్. మినోల్టా కెమెరా కంపెనీలో పనిచేసే హిరోషి ఉయెదా 1980ల్లోనే కెమెరాకి కర్ర చేసి పేటెంట్ తీసుకున్నాడు, ఎవరూ కొనలేదు. 1995లో వచ్చిన చిందోగు సంకలనంలో అలాంటి కర్రే నవ్వుకోవడానికి వేశారు. 2014లో టైమ్ పత్రిక ఆ ఏటి గొప్ప ఆవిష్కరణల్లో దాన్ని చేర్చింది, ఆ తర్వాత చార్మినార్ ముందు నిలబడ్డవాడి చేతిలో అది లేకపోతే వింత అన్నట్టయింది.

దీనికి ఉల్టా కథ జూసెరో. వైఫైతో పనిచేసే జ్యూస్ మిషన్, 2016లో వచ్చినప్పుడు ధర 699 డాలర్లు, కంపెనీలోకి వచ్చిన పెట్టుబడి పది కోట్ల డాలర్ల పైమాటే. మిషన్‌లో పెట్టాల్సిన ప్యాకెట్‌ని చేత్తో పిండినా అంతే రసం వస్తోందని 2017లో విలేకరులు పిండి చూపించారు, ఆ ఏడే మూతపడింది. కవకామి చేసుంటే అద్భుతమైన చిందోగు అయ్యేది. తను పిచ్చి పరికరమని దానికే తెలియకపోవడం దాని సమస్య.

ఇంట్లోవాళ్ళు “పనికొచ్చేదేదైనా చెయ్యరాదా” అంటున్నారు.

అనొచ్చు, తప్పులేదు. గిన్నెలు కడిగే యంత్రానికి 1886లో పేటెంట్ తీసుకున్న జోసఫిన్ కాక్రన్ మొదలుపెట్టింది తన పింగాణీ పళ్ళాల అంచులు కడుగుడులో లేచిపోతున్నాయనే చిరాకుతో. ఆటోమేటిక్ టెలిఫోన్ ఎక్స్చేంజికి 1891లో పేటెంట్ పొందిన ఆల్మన్ స్ట్రౌజర్ అంత్యక్రియలు జరిపించే వ్యాపారి, తనకి రావాల్సిన ఫోన్లని ఆపరేటరు పోటీవాడికి కలుపుతోందన్న అనుమానంతో అసలు ఆపరేటరే లేకుండా చేశాడని చెప్తారు. మళ్ళీ చూడండి, మనిషి మీద చిరాకే.

దగ్గర్లో కావాలంటే ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం. పోచంపల్లి రకం చీర నెయ్యాలంటే ముందు ఆసు పొయ్యాలి, అర్ధచంద్రాకారంలో మేకులున్న చట్రం మీద దారాన్ని ఒక్కో మేకుకీ తిప్పుకుంటూ చెయ్యి అటూ ఇటూ చీరకి వేలసార్లు ఆడించాలి. వాళ్ళమ్మ లక్ష్మిగారికి భుజం నొప్పితో ఆ పని చేతకాకుండా పోతుంటే చూసి, ఆరో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి ఏళ్ళతరబడి ముక్క ముక్కా కూర్చి 1999కి యంత్రం పూర్తి చేశాడు. అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. అది చిరాకు కాదు, బాధ, అందుకే దాన్ని ఈ జాబితాలో మిగతావాటి పక్కన పెట్టడం నాకే ఇష్టం లేదు. కానీ మధ్యలో చూసినవాళ్ళకి అదీ పనిలేని పనిలాగే కనపడి ఉంటుంది, ఇంట్లో ఆ మాట చెప్పి చూడండి.

అమెరికాలో ఉంటున్నాం. ఎండుమిర్చి పోపు పెడితే స్మోక్ అలారం మోగుతోంది. దానికి షవర్ క్యాప్ తొడగొచ్చా?

వద్దు, మంట నిజంగా వచ్చిన రోజు అదే మిమ్మల్ని లేపాలి. అలారం పొయ్యికి కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి, వంటింటి దగ్గరైతే ఫొటోఎలక్ట్రిక్ రకం మేలు, పోపు పెట్టే ముందే ఎగ్జాస్ట్ వెయ్యండి. పిచ్చి పరికరం కావాలంటే మూకుడు పిడికి తువ్వాలు ఊపే చెయ్యి ఒకటి బిగించండి, ఎలాగూ ఇంట్లో ఒకరు అలారం కింద నిలబడి ఆ పనే చేస్తున్నారు.

పిల్లలతో చేయించొచ్చా?

తప్పకుండా, వాళ్ళకి మొహమాటం తక్కువ, చిరాకులు సూటిగా చెప్తారు. అట్ట, దారం, గుండీలు, పెన్ను స్ప్రింగులు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ దాకా ఫరవాలేదు. గోడ ప్లగ్గు, గ్యాస్, కుక్కర్ జోలికి పోనివ్వకండి. ఏం చేద్దామంటే మాత్రం మీరు చెప్పకండి. ఒక పాప తన చిరాకుగా “అమ్మ ఫోన్లో మాట్లాడుతూ నాకు సైగలు చేస్తుంది, నాకు అర్థం కావు, తర్వాత తిడుతుంది” అని చెప్పింది, దానికి పరికరం ఏంటో ఇంకా ఎవరికీ తట్టలేదు.

కొత్త టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు తీయనివ్వరు, బటన్లు కనపడవు. దీనికి?

కవరు మీద స్కెచ్ పెన్నుతో అంకెలు రాసుకోండి. చెరిగిపోతున్నాయంటారా, ఆ కవరుకి ఇంకో కవరు వెయ్యండి.